ఆయిల్ మార్చాక మొదటి అర నిమిషం: ఇంజన్‌కు దెబ్బ ఎక్కడ తగులుతుంది?

#1 నూనెమరక

ఏ బ్రాండ్ ఆయిల్ మంచిదన్న చర్చలు ఇక్కడ గంపలకొద్దీ ఉన్నాయి. ఆ గొడవ ఇక్కడికి తేవద్దని ముందే మనవి. ఆయిల్ మార్చిన వారంలోపే రిపేరుకొచ్చిన ఇంజన్లు విప్పి చూస్తే తప్పు డబ్బాలోని నూనెది కావడం అరుదు. చాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) నట్టు, ఫిల్టర్ రబ్బరు, గేజ్ (నూనె మట్టం చూసే పుల్ల) మీద గీత. దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి.

లెక్కలు చెప్పడానికి ఒక బండి కావాలి కాబట్టి స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన నాలుగు సిలిండర్ల 1.2 కె సిరీస్ పెట్రోల్ ఇంజన్ తీసుకుంటున్నాను. ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.1 లీటర్లు పడుతుంది. వేరే బండైతే దానితో వచ్చిన పుస్తకంలో ఉన్న అంకెలే ఖాయం.

ఇంజన్‌ను ఐదు పది నిమిషాలు నడిపి ఆపండి, ఇంకో పది నిమిషాలు ఆగండి. చల్లటి నూనె అడుగున మడ్డిని వదిలేసి పైపైన దిగుతుంది. మరీ మరిగిన నూనె మణికట్టు మీద పడితే చర్మం ఊడుతుంది. చేయి పెడితే వేడిగా ఉండాలి, కాలకూడదు. బండిని సమతలంగా ఉన్న చోట ర్యాంపు మీదో స్టాండ్ల మీదో నిలపండి. టైరు మార్చడానికిచ్చే జాకీ మీద లేపి, పక్కన రెండు ఇటుకలు పెట్టి కిందకు దూరే పని మాత్రం పెట్టుకోవద్దు.

చాంబర్ నట్టు విప్పే ముందు పైన ఆయిల్ మూత తీయండి. మూత బిగుసుకుపోయి రాలేదన్న సంగతి కింద నూనె మొత్తం దిగిపోయాక తెలియడం కన్నా ముందే తెలియడం మేలు. గాలి ఆడితే ధార కూడా ఒకే తీరుగా పడుతుంది. పది పదిహేను నిమిషాలు కారనివ్వండి.

నట్టు కింద వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఒకసారి నలిగి ఆకారం పట్టిన వాషర్ రెండోసారి నలగదు. చెమ్మ కనిపిస్తుంది, ఇంకొంచెం బిగిస్తారు, మళ్లీ చెమ్మ, మళ్లీ బిగింపు, చివరికి చాంబర్ మర పోతుంది. ఈ ఇంజన్‌కు బిగింపు 35 న్యూటన్ మీటర్లు. బిగింపు బలం కొలిచే టార్క్ పానా లేకపోతే అంచనా ఇది: అడుగు పొడవు పానా చివర 12 కిలోల బియ్యం సంచీ వేలాడదీస్తే ఎంత బలం పడుతుందో అంత. గాలి గన్నుతో నట్టు విప్పుకోండి కానీ బిగించవద్దు.

ఫిల్టర్ సంగతి మీరు అడిగేదాన్ని బట్టి కింద రాస్తాను.

#2 కొత్తబండి

నూనెమరక గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. రెండు సందేహాలు. ఆయిల్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేస్తే ఎర్ర నూనె బుడ్డి దీపం నాలుగు సెకన్లు ఆరలేదు, పైన టక్ టక్ మని చప్పుడు. ఇది మామూలేనా? కొత్త ఫిల్టర్‌లో ముందే ఆయిల్ నింపాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

#3 గుంటూరు గేరు

నాలుగు సెకన్లు మామూలే తమ్ముడూ. కారణం తెలిస్తే భయం పోతుంది.

ఆ దీపం నూనె ఎంత ఉందో చెప్పదు, ఒత్తిడి ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. దాని స్విచ్ ఎక్కువ బండ్లలో 0.3–0.5 బార్ దగ్గర మారుతుంది. చిన్న కారు ఫిల్టర్ ఖాళీగా ఉంటే పావు లీటరు దాకా మింగుతుంది. పంపు ముందు ఆ ఫిల్టర్‌ను నింపాలి, తర్వాతే నూనె మెయిన్ గ్యాలరీకి (ఇంజన్ లోపలి ప్రధాన నూనె దారి), అక్కడి నుంచి బేరింగులకు, చివరికి పైన కవాటాలను తెరిచే క్యామ్ దగ్గరికి వెళుతుంది. అందరికన్నా చివర అందేది పైభాగానికి కాబట్టి చప్పుడూ అక్కడే.

ఆ మూడు నాలుగు సెకన్లలో బేరింగులను కాపాడేది వాటి మీద మిగిలిన పాత నూనె పొర. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య సందు 0.02–0.05 మిల్లీమీటర్లు. ఐడిల్‌లో, అంటే తొక్కకుండా ఊరికే తిరిగేటప్పుడు, బరువు తక్కువ కాబట్టి ఆ పొర నిలుస్తుంది. అప్పుడే యాక్సిలరేటర్ తొక్కితే నిలవదు. "ఆయిల్ పైకి ఎక్కాలి" అంటూ స్టార్ట్ చేసిన వెంటనే రేస్ చేసేవాళ్లు ఉన్నారే, వాళ్లు చేసేది సరిగ్గా దీనికి ఎదురు పని.

ఐదు సెకన్ల దాకా ఓపిక పట్టొచ్చు. పది దాటితే ఆపేయండి. నూనె పోశామా, నట్టు బిగించామా, ఫిల్టర్ సరైనదేనా అని చూడకుండా రెండోసారి తాళం తిప్పొద్దు.

ముందే నింపడం గురించి: ఫిల్టర్ మూతి పైకి ఉండేలా నిలువుగా ఎక్కే బండ్లలో నింపండి, మంచిదే. అడ్డంగా ఎక్కే వాటిలో నింపితే సగం చొక్కా మీద పోతుంది. నింపేటప్పుడు నడిమి పెద్ద బెజ్జంలో పోయకండి. అది వడగట్టిన నూనె బయటికి వచ్చే దారి. డబ్బా మూతి దగ్గరి దుమ్ము అందులో పడితే వడపోత లేకుండా నేరుగా బేరింగుకే పోతుంది. చుట్టూ ఉన్న చిన్న బెజ్జాల్లో నిదానంగా పోయండి, కాగితం పీల్చుకుంటుంది.

#4 పానా పట్టినోడు

గేరు అన్నతో చిన్న పేచీ. ముందే నింపడం కన్నా శుభ్రమైన దారి ఉంది. పెట్రోల్ బండ్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పెట్రోల్‌తో ప్లగ్గులు తడిసినప్పుడు ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. ఐదారు సెకన్లు అలా తిప్పితే ఇంజన్ అంటుకోకుండానే పంపు తిరిగి ఫిల్టర్ నిండుతుంది. అప్పుడు కాలు తీసి మామూలుగా స్టార్ట్ చేయాలి. సెల్ఫ్‌ను ఒక్క విడతలో పది సెకన్లు దాటించొద్దు, మోటారు వేడెక్కుతుంది.

#5 గుంటూరు గేరు

కిటుకు నిజమే కానీ మామూలు ఆయిల్ మార్పుకు అది అక్కర్లేదు. పైగా ఆ ఏర్పాటు లేని బండిలో కాలు తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టారనుకో, నూనె లేని ఇంజన్ నాలుగు వేల ఆర్‌పీఎం మీద లేస్తుంది. మీ బండిలో ఉందని పుస్తకంలో చూసుకున్నాకే. పంపు విప్పినప్పుడో బండి నెలల తరబడి కదలనప్పుడో పనికొస్తుంది.

ఇంకో మాట. నూనె దింపేసి "రేపు ఫిల్టర్ తెచ్చి పోద్దాం" అని రాత్రంతా వదిలేయకండి. పంపు పళ్ల మధ్య నూనె కారిపోయి ఆరితే మర్నాడు చాంబర్ నుంచి లాగే బలం ఉండదు. సామాను అంతా ముందు పెట్టుకుని అప్పుడు నట్టు మీద చేయి వేయండి.

#6 నూనెమరక

ఫిల్టర్ దగ్గర జరిగే అసలు ఘోరం ఎవరూ చెప్పలేదు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజన్ మీద ఫిల్టర్ ఆనే ముఖానికే అంటుకుని ఉండిపోతుంది. నల్లగా ఉంటుంది, నూనెలో తడిసి ఉంటుంది, కిందనుంచి కంటికి ఆనదు. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఐడిల్‌లో చుక్క కూడా కారదు. హైవే ఎక్కి మూడు వేల ఆర్‌పీఎం దగ్గర ఒత్తిడి మూడు నాలుగు బార్లకు చేరగానే పై రబ్బరు జారి బయటికి తన్నుకొస్తుంది. ఉన్న నూనెంతా పోవడానికి నిమిషం పట్టదు.

మందు చాలా తేలిక. పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే తిప్పి దాని రబ్బరు దానికే ఉందా అని చూడండి. తర్వాత ఇంజన్ ముఖాన్ని గుడ్డతో తుడిచి వేలితో చుట్టూ తడమండి. కొత్త రబ్బరుకు వేలితో నూనె రాయండి, పొడిగా బిగిస్తే మెలిపడుతుంది. రబ్బరు ముఖానికి తగిలిన చోటు నుంచి చేత్తోనే ముప్పావు చుట్టు. చైను పానా విప్పడానికే.

డబ్బా ఫిల్టర్ కాకుండా లోపల కాగితం మాత్రమే మార్చే రకమైతే ప్లాస్టిక్ మూత మీదే బిగింపు అంకె అచ్చయి ఉంటుంది, చాలావాటికి 25 న్యూటన్ మీటర్లు. దాని ఓ-రింగు పాత రింగు ఉన్న గాడిలోనే కూర్చోవాలి. పక్క గాడిలో వేస్తే కారుతుంది, ఎక్కువ బిగిస్తే మూత పగులుతుంది.

నాసి ఫిల్టర్ ఎందుకు వద్దంటే, లోపల నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు కవాటం ఒకటి ఉంటుంది. అది కొన్నాళ్లకే గట్టిపడితే రాత్రికి రాత్రి ఫిల్టర్ ఖాళీ అవుతుంది. అంటే పైన చెప్పిన ఆ నాలుగు సెకన్లు ఏడాదికోసారి కాదు, ప్రతి తెల్లవారీ వస్తాయి.

#7 డీజిల్ దోస్త్

మీరందరు పెట్రోల్ మీదనే మాట్లాడుతున్నరు. బీఎస్6 డీజిల్ బండ్లకు కథ వేరే ఉంటది.

డీపీఎఫ్‌ల, అంటే పొగల మసిని పట్టే జాలీల, మసి నిండితే దాన్ని కాల్చనీకి ఇంజన్ కొంత డీజిల్‌ను ఆలస్యంగా కొడుతది. సిటీల నాలుగు కిలోమీటర్లు పోయి బండి బంద్ చేస్తే ఆ కాల్చుడు నడుమనే ఆగిపోతది. గోడలకు అంటిన డీజిల్ రింగులు దాటి చాంబర్‌ల దిగుతది. పెట్రోల్ లెక్క అది తొందరగ ఆవిరి కాదు. అందుకే ఈ బండ్లల్ల ఆయిల్ తగ్గుడు కాదు, పెరుగుతది. గేజ్ మీద పై గీత దాటిందంటే సంతోషపడొద్దు. పల్చబడ్డ నూనె అది. కొంచెం తీసేస్తే సరిపోదు, మొత్తం మార్చాలె. మరీ ఎక్కువైతే ఇంజన్ ఆ నూనెనే పీల్చి దాని మీదనే ఉరుకుతది, తాళం తీసినా ఆగది.

రెండోది, లారీలకు పోసే 15డబ్ల్యూ-40 సీఐ-4 ఆయిల్ చవకగ దొరుకుతదని డీపీఎఫ్ బండిల పోయకుండ్రి. దాంట్ల బూడిద ఎక్కువ. మసి కాలుతది కానీ బూడిద కాలది, జాలీల అట్లనే పేరుకుంటది. డబ్బా మీద సీ2 అనో సీ3 అనో (తక్కువ బూడిద నూనెలకు యూరప్ గుర్తులు), మీ పుస్తకంల ఏది రాసుంటే అది ఉండాలె. ఈ రెండింట్ల సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం దాటొద్దని నియమం.

కొత్త నూనె రెండు కిలోమీటర్లకే నల్లగైతే గాబరా పడొద్దు, డీజిల్‌కు అది మామూలే. టర్బో బండ్లు పెట్రోలైనా డీజిలైనా, మార్చినంక మొదటిసారి ఒక నిమిషం ఐడిల్‌ల ఉంచుండ్రి. ఆ టర్బో షాఫ్టు లక్షకు పైన ఆర్‌పీఎంల తిరుగుతది, దానికి నూనె చేరకముందే తొక్కితే అంతే.

#8 కొత్తబండి

బెజవాడ ఎండకు 0డబ్ల్యూ-20 నీళ్లలా ఉంటుంది, 20డబ్ల్యూ-50 పోయించమని ఒకరు సలహా ఇచ్చారు. 45 డిగ్రీల్లో చిక్కటి నూనె మంచిదే కదా?

#9 చలిదేశం (మినియాపొలిస్)

కొత్తబండి గారూ, ముందున్న అంకె చలికి, వెనకున్నది వేడికి. 0డబ్ల్యూ అంటే −35 డిగ్రీల్లో ఇంజన్ తిరగాలి, −40 దగ్గర పంపు నూనెను లాగగలగాలి. 5డబ్ల్యూకు −30, −35. మా దగ్గర జనవరిలో ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది, విజయవాడలో రాదు. కానీ "0డబ్ల్యూ కాబట్టి ఎండలో పల్చన" అనుకోవడం పొరపాటు. 0డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ 100 డిగ్రీల దగ్గర ఒకే తరగతి: 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య.

#10 గుంటూరు గేరు

వేడి సంగతి నేను చెబుతా. ఊళ్లో 25 ఉన్నా 45 ఉన్నా థర్మోస్టాట్ ఇంజన్‌ను ఒకే వేడి దగ్గర పట్టి ఉంచుతుంది. కూలెంట్, ఫ్యాన్ బాగుంటే చాంబర్‌లో నూనె 90–110 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. రోడ్డు మీద ఎండ పెరిగితే నూనె వేడి కొంచెం పెరుగుతుంది కానీ ఇరవై డిగ్రీలకు ఇరవై పెరగదు.

20 తరగతికి 6.9–9.3 సెంటీస్టోక్స్, 30కి 9.3–12.5. పుస్తకంలో 0డబ్ల్యూ-20తో పాటు 5డబ్ల్యూ-30 కూడా ఒప్పుకుంటే, నిండు బండితో తిరుమల, శ్రీశైలం ఘాట్లు తరచూ ఎక్కేవాళ్లు 5డబ్ల్యూ-30 పోసుకోండి, నా ఓటు దానికే. మైలేజీ కాస్త తగ్గుతుంది. అంతకుమించి 20డబ్ల్యూ-50 మాత్రం వద్దు. సన్నటి సందులకు, క్యామ్ టైమింగ్ మార్చే కవాటాలకు లెక్కగట్టిన ఇంజన్ అది. తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి నూనె పైకి చేరేసరికి నువ్వు #2లో చెప్పిన నాలుగు సెకన్లు ఇంకా సాగుతాయి.

గ్రేడ్‌తో పాటు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఇచ్చే నాణ్యత అక్షరాలూ చూడండి. పెట్రోల్‌కు ఎస్‌పీ 2020లో వచ్చింది, టైమింగ్ చైను అరుగుదలకు పరీక్ష అందులో చేర్చారు. చిన్న టర్బో పెట్రోల్ బండ్లకు దానికంటే తక్కువది వద్దు.

#11 పానా పట్టినోడు

ఫ్లష్, అంటే మందు పోసి ఇంజన్ లోపల కడగడం, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. సర్వీసుకు వెళ్తే ఐదారు వందలకు "ఇంజన్ ఫ్లష్" బిల్లులో కలిపేస్తారు. వేళకు ఆయిల్ మారుస్తున్న బండికి అది అనవసరం. ఏళ్ల తరబడి మార్చని బండికి అనవసరమే కాదు, ప్రమాదం. మూత తీసి చూస్తే లోపల తారులా మడ్డి కట్టి ఉంటే, ఫ్లష్ దాన్ని కరిగించదు, పెళ్లలుగా ఊడదీస్తుంది. ఆ పెళ్లలు పోయేది చాంబర్ అడుగున పంపు నోటి దగ్గరున్న జాలీకి. జాలీ మూసుకుంటే గేజ్ మీద నూనె నిండుగానే ఉంటుంది, పైన ఒక్క చుక్క ఉండదు. అలాంటి బండికి చాంబర్ దించి జాలీ కడగండి. తర్వాత మామూలు నూనెనే రెండు మూడు వేల కిలోమీటర్లకోసారి ఫిల్టర్‌తో సహా రెండు మూడు సార్లు మార్చండి. మడ్డి నెమ్మదిగా కరిగి ఫిల్టర్‌లో చిక్కుతుంది.

#12 నూనెమరక

జాలీ అన్నారు కాబట్టి: ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ వాడేవాళ్లు గమనించండి. అందులో టైమింగ్ బెల్టు నూనెలోనే మునిగి తిరుగుతుంది. దానికి ఫోర్డ్ ప్రత్యేకంగా 5డబ్ల్యూ-20 నూనె చెప్పింది, డబ్బా మీద డబ్ల్యూఎస్‌ఎస్-ఎం2సీ948-బి అన్న అంకె ఉండాలి. కంపెనీ దేశంలో బండ్ల తయారీ ఆపేశాక "ఏదో ఒకటి పోద్దాం" అనేవాళ్లు ఎక్కువయ్యారు. సరిపడని నూనెలో బెల్టు రబ్బరు ఉబ్బి పొట్టు రాలుతుంది, ఆ పొట్టు చేరేది జాలీకే.

పాత నూనెను పారబోసే ముందు రెండు నిమిషాలు చూడండి. ఒక తెల్ల కాగితం మీద చుక్క వేసి ఎండలో వంచి చూడాలి. నట్టుకు అయస్కాంతం ఉంటే, దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదల. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకునే ముక్క ఉంటే మామూలు కాదు. కాగితం మీద బంగారు, వెండి రంగు మెరుపు ఉండి అయస్కాంతానికి అంటకపోతే అది బేరింగు లోహం కావొచ్చు. మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మూత లోపల మాత్రమే కాస్త తెల్లటి నురగ ఉంటే చిన్న దూరాలే తిరిగే బండి అని అర్థం. కూలెంట్ తగ్గకపోతే అరగంట హైవే మీద తిప్పితే పోతుంది.

#13 డీజిల్ దోస్త్

పాత నూనెను మోరీల పోయొద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడిన నూనె వస్తది. ఖాళీ డబ్బాలల్ల పోసి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇయ్యుండ్రి. సెంట్రింగ్ చెక్కలకు పూస్తమని అడిగేటోళ్లు ఉంటరు, కూలీల చేతులకు అంటుకునేది అదే నూనె, ఇయ్యకుండ్రి.

కొత్త నూనె డబ్బా ఖాళీ అయినంక కత్తితోని పొడిచి పారేయుండ్రి. మంచి డబ్బా పాత సామాన్లోనికి అమ్మితే కల్తీ నూనె నింపి మళ్ల దుకాణానికి వస్తది.

#14 కొత్తబండి

చివరిగా ఒకటి. 3.1 లీటర్లని మీరు చెప్పినా, మూడున్నర లీటర్ల డబ్బా మొత్తం పోసేశాను. గేజ్ పై గీత దాటి ఐదు మిల్లీమీటర్ల మీద ఉంది. వదిలేయొచ్చా?

#15 గుంటూరు గేరు

వదలొద్దు. ముందు సరిగ్గా కొలువు. సమతలం మీద ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగి, గేజ్ తుడిచి, పూర్తిగా దించి తీయాలి. మొదటిసారి తీసినప్పుడు గొట్టం గోడకున్న నూనె అంటుకుని ఎక్కువ చూపిస్తుంది, రెండోసారిదే లెక్క.

చిన్న కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య ముప్పావు లీటరు నుంచి లీటరు పడుతుంది. గీతల మధ్య దూరం స్కేలుతో కొలిచి లెక్కవేసుకో. 20 మిల్లీమీటర్లుంటే నీ ఐదుకు పావు లీటరు దాకా ఎక్కువన్నమాట. మరీ ఎక్కువైతే కింద తిరిగే క్రాంకు షాఫ్టు నూనెను చిలికి నురగ చేస్తుంది. నురగను పంపు లాగితే ఒత్తిడి నిలవదు. మిగతాది గాలి గొట్టం దారిన ఇన్‌టేక్‌లోకి పోయి పొగ అవుతుంది.

చాంబర్ నట్టు వదులు చేసి "కొంచెం" తీయాలనుకోకు, అది కొంచెంతో ఆగదు. మందుల షాపులో వంద మిల్లీలీటర్ల సిరంజి, గేజ్ గొట్టంలో పట్టేంత సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకో. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు గొట్టం దించి రెండు సిరంజీలు లాగి మళ్లీ కొలువు. కావాలంటే ఇంకొకటి. పై గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు కింద ఆపేయ్. గొట్టం బయటికి తీసేటప్పుడు కింద గుడ్డ పట్టుకో, సైలెన్సర్ వేడి మీద చుక్క పడితే నాలుగు రోజులు కంపు కొడుతుంది.

వంద కిలోమీటర్లు తిరిగాక నట్టు, ఫిల్టర్ చుట్టూ తెల్ల కాగితంతో తుడిచి చూడు. గేజ్ కూడా అప్పుడే ఇంకోసారి. పైన ఆయిల్ మూత తిప్పి బిగించావో లేదో కూడా.